లాగ్‌లో చివరి లైను

సోమవారం పొద్దున్న ఏడున్నరకి ఆమె సర్వర్ గది తలుపు తీసి, కుర్చీ లాక్కుని, కొత్త సిస్టమ్ ఎలా ఉందో చూద్దామని లాగ్ తెరిచింది. లాగ్ అంటే మరేం కాదు, యంత్రం తను చేసిన పనులూ పడిన తిప్పలూ నిమిషం పొల్లుపోకుండా రాసుకునే పుస్తకం. మామూలు రోజున అందులో పదీ పదిహేను లైన్లకు మించి ఫిర్యాదులుండవు. ఇవాళ పన్నెండు వందల పైచిలుకున్నాయి. చదువుతుండగానే పది నిమిషాలు గడిచి అన్నీ మళ్ళీ మొదట్నుంచి పడ్డాయి.

'ఫైలు ఉంది, శబ్దం లేదు.' ప్రతి లైనూ అదే పాట. పక్కన ఒక వరస నంబరు, అంతే. పేరూ ఊరూ లేదు. వాటి మధ్యలో గడియారం రెండు నిమిషాలు వెనకబడిందని ఒక గొడవ, ఎప్పుడో తుక్కు కింద పారేసిన ప్రింటరు కనబడటం లేదని ఇంకో ఏడుపు.

కొత్త సిస్టమ్ ఎక్కించిన మర్నాడు ఇలాంటి అలకలు మామూలే. ఆమె పాత రోగుల గొంతు రికార్డులు మూడు తెరిచి విన్నది. మూడూ చక్కగా పలికాయి. 'సరే, కొత్త పెళ్ళికూతురి వేషాలు, తర్వాత చూద్దాం' అనుకుని లేచింది. ఆ 'తర్వాత' అన్న మాట గురించి ఆమె ఇకముందు చాలాసార్లు ఆలోచించాల్సి వస్తుంది.

అది గొంతు జబ్బుల ఆసుపత్రి. అక్కడి కంప్యూటర్ల బాగోగులన్నీ ఆమెవే. వయసు నలభై దాటింది, ఇద్దరు పిల్లలున్నారు, అయినా పెద్ద డాక్టరు దగ్గర్నుంచి ఆయాల దాకా అందరికీ ఇంకా 'సిస్టమ్స్ అమ్మాయే'. ఎందుకంటే ఆమె చేరినప్పుడు ఆ గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన అసలు పేరు జీతాల విభాగం వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన 'మైకు'. ఆయన కింద సర్వర్ గదిలో ఫోనెత్తి హలో అంటే రెండో అంతస్తులో మత్తులో ఉన్న రోగి ఆఁ అనేవాడని చెప్పుకునేవారు. ఆమెకి పనంతా ఆయనే నేర్పాడు, తిట్టి కొంత, నవ్వించి కొంత. మొదట్లో సార్ అంటే మండిపడ్డాడు. "ఇంట్లో నన్నెవరూ పట్టించుకోరు, ఇక్కడ ఈ సార్ గోల నాకు అరగదు. బాబాయ్ అను, చాలు," అన్నాడు. అప్పట్నుంచీ ఆయన బాబాయ్, ఆయన భార్య పిన్ని.

రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఈ ఏడాది అదే ఆసుపత్రికి రోగిగా వచ్చాడు. ఆ గొంతుకే వచ్చింది జబ్బు.

స్వరపేటిక తీసేస్తే మాట ఉండదు. అందుకని ఈ ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ముందే రోగిని ఒక గదిలో కూర్చోబెట్టి, నాలుగు వందల పన్నెండు వాక్యాలు చదివించి రికార్డు చేస్తారు. వాటిని ముక్కలు చేసి, అతికించి, అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తయారు చేస్తారు. ఆ తర్వాత రోగి ఏం టైపు చేసినా పెట్టె అతని గొంతుతోనే పలుకుతుంది. ఆపరేషన్ అయ్యాక రికార్డు చేయడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఆ ఫైళ్ళను కంటికి రెప్పలా చూసుకోవడమే ఆమె ఉద్యోగంలో అసలు పని. బిల్లులూ ప్రింటర్లూ ఎవరైనా చూసుకుంటారు.

మైకు కిందటి వారం నాలుగు రోజులు ఆ గదిలో కూర్చుని వాక్యాలన్నీ చదివాడు. అప్పటికే గొంతు బొంగురుపోయింది, అయినా అది ఆయనదే. జాబితాలో ఆఖరి పన్నెండు వాక్యాలు రోగి ఇష్టం. ఆయన ఏమేం చెప్పాడో స్పీచ్ థెరపిస్టు నవ్వుతూ ఆమెకి చెప్పింది. పదకొండు వాక్యాలు తిట్లట. పన్నెండోది మాత్రం, "ఏమోయ్, ఎక్కడున్నావ్?"

పదింటికి ఆమె పైకి వెళ్ళేసరికి ఆయన్ని స్ట్రెచర్ మీద వరండాలోకి తెచ్చారు. పక్కన పిన్ని, చేతిలో ఆయన కళ్ళజోడు, ఉంగరం, వాచీ మూటగట్టిన రుమాలు.

"ఏమ్మా, నా గొంతు భద్రమేనా?" అన్నాడాయన.

"భద్రమే బాబాయ్. నిన్న డిస్కు తుడిచే ముందు మీ బ్యాకప్ లాగ్ చూశాను. చివరి లైను 'అయిపోయింది' అనుంది. అంతా కాపీ అయిపోయింది."

ఆయన మొహం ఒక్క క్షణం మారింది. ఏదో అడగబోయినట్టు మోచేతి మీద సగం లేచాడు. నర్సు భుజం పట్టుకుని, "ఇక మాటలు వద్దండీ, పడుకోండి," అంది. ఆయన ఆమె వంక చూశాడు, భార్య వంక చూశాడు, ఎదురుగా ఉన్న రెండు రెక్కల తలుపు వంక చూశాడు. మెల్లగా తల దిండు మీద పెట్టాడు.

"సరేలే," అన్నాడు.

ఆయన గొంతులోంచి వచ్చిన ఆఖరి మాట అదే.

తలుపులు మూసుకున్నాక పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. "నలభై ఏళ్ళుగా ఆ 'ఏమోయ్' విని విని నా ప్రాణం విసిగిపోయిందమ్మా. వీధి చివర్నుంచే మొదలెడతాడు. ఇరుగూపొరుగూ నాకు అదే పేరనుకుంటారు," అంది. రుమాలు ముడి బిగించి, "ఆ పెట్టెలో ముందు అదే పెట్టమని చెప్పు," అంది.

ఆమె కిందికొచ్చి లాగ్ ముందు కూర్చుంది. ఆ రోజు గడియారం సరిచేసింది. లేని ప్రింటరు కోసం వెతకడం మానమని సిస్టమ్‌కి చెప్పింది. గోల కొంత తగ్గింది, 'శబ్దం లేదు' మాత్రం తగ్గలేదు. మంగళవారం అనుమతుల మీద అనుమానం వచ్చింది. ఏ ఫైలు ఎవరు తెరవొచ్చో అన్న లెక్క కొత్త సిస్టమ్‌లో తారుమారైందేమోనని ఒక్కొక్కటే సరిచూసింది. అదీ కాదు. ఫైళ్ళ పేర్లు తెలుగులో ఉన్నాయి, కొత్త సిస్టమ్ ఒత్తులు మింగేసిందేమో అనుకుంది. ఒత్తులూ దీర్ఘాలూ పదిలంగానే ఉన్నాయి. తల ప్రాణం తోకకొచ్చింది. సిస్టమ్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరో కుర్రగొంతు, "మీరు ఒకసారి ఆపి మళ్ళీ పెట్టి చూశారా మేడమ్?" అని అడిగింది. దానికి ఏం సమాధానం చెప్పాలో ఆమెకి తెలుసు గానీ ఆసుపత్రి ఫోన్లో అనకూడదు కనక పెట్టేసింది.

ఇలాంటప్పుడు ఇదివరకైతే మైకుకి ఫోన్ చేసేది. రిటైరయ్యాక కూడా చేసేది. ఆయన విషయం సగం వినగానే, "నీ మొహం, ముందు నంబర్లు చూడు," అని కసిరేవాడు. బుధవారం మధ్యాహ్నం, అన్నం డబ్బా మూత కూడా తీయకుండా కూర్చున్న ఆమెకి ఆ కసురు గుర్తొచ్చింది. నంబర్లు! మూడు రోజులుగా ఆ లైన్ల పక్కన నంబర్లు కళ్ళ ముందే ఉన్నాయి. అవి ఎవరి నంబర్లో ఆమె చూడనేలేదు.

రికార్డింగ్ గది రిజిస్టరు తెప్పించి పక్కన పెట్టుకుంది. పన్నెండు వందల ముప్ఫై ఆరు లైన్లు. నాలుగు వందల పన్నెండు చొప్పున ముగ్గురు మనుషులు. ముగ్గురూ ఆదివారానికి ముందు పదకొండు రోజుల్లో రికార్డు చేయించుకున్నవాళ్ళే. మొదటి పేరు ఒక బస్సు డ్రైవరుది, రెండోది ఒక లెక్చరరుది. మూడో పేరు ఆమెకి కొత్తగా కనిపించింది. ఎందుకు కొత్తగా ఉందంటే అది మైకు అసలు పేరు.

ఆ ఫోల్డర్ తెరిచింది. నాలుగు వందల పన్నెండు ఫైళ్ళూ వరసగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన సైజు సున్నా. పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు.

బ్యాకప్ వంక పరిగెత్తింది. బ్యాకప్ అంటే, రోజూ సాయంత్రం ఆరింటికి కొత్త రికార్డులన్నిటినీ ఇంకో డిస్కులోకి కాపీ చేసే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు అంటారు. ఆదివారం మధ్యాహ్నం సర్వర్ డిస్కు తుడిచేసి, కొత్త సిస్టమ్ ఎక్కించి, ఆ కాపీలోంచే అన్నీ వెనక్కి తెచ్చి పెట్టింది. ఆ స్క్రిప్టు రాసింది మైకు. రాతలో కూడా ఆయన నోరు ఊరుకోదు. స్క్రిప్టు మొదలవగానే లాగ్‌లో 'లేచా' అని రాస్తుంది. పని నెమ్మదిస్తే 'నడుస్తున్నా, తోయకండి' అంటుంది. ఫైలు తెరుచుకోకపోతే 'తలుపు తీయట్లేదు' అంటుంది. పాత సిస్టమ్‌కి ఆయన అది రాసిన రోజుల్లో తెలుగు లిపి రాదు కనక అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఆయన ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే టీ గ్లాసుతో ఆ లాగ్ ముందు కూర్చుని తన జోకులకి తనే నవ్వుకునేవాడు. వెళ్ళేటప్పుడు, "రోజూ చూడు," అని చెప్పి వెళ్ళాడు. ఆమె మొదటి నెల చూసింది. తర్వాత పని మీద పని పడింది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఆ లాగ్ ఊసు మరిచింది. ఆదివారం డిస్కు తుడిచే ముందు తెరిచి ఒక్క చివరి లైను చూసింది. 'అయిపోయింది' అని ఉంది. కాగితం మీద టిక్కు పెట్టింది, తుడిచేసింది.

ఇప్పుడు స్క్రిప్టు తెరిచి అడుగు దాకా చదివింది. పని మొత్తం సవ్యంగా పూర్తయితే రాయవలసిన మాట అక్కడ ఉంది: 'సర్దేశా, ఇక పడుకుంటా.' దాని కింద, డిస్కులో చోటు లేకపోతే రాయవలసిన మాట ఉంది: 'అయిపోయింది.'

డబ్బా మూత తీసి చూసి పంచదార అయిపోయింది అంటాం. పొయ్యి ఆర్పి వంట అయిపోయింది అంటాం. రెంటికీ మాట ఒకటే. ఆయన మొదటి అర్థంలో రాశాడు, ఆమె రెండో అర్థంలో చదివింది. రికార్డింగ్ గదికి కొత్త మైక్రోఫోను వచ్చాక ఫైళ్ళు మూడింతలు బరువెక్కాయి, ఆ ఆదివారానికి పదకొండు రోజుల ముందు రెండో డిస్కు నిండిపోయింది. స్క్రిప్టు ముందు ఫైలు పేరు రాసి తర్వాత అందులో శబ్దం పోస్తుంది. పేర్లు రాసుకుంది, పోయడానికి చోటు లేదు. పదకొండు సాయంత్రాలు వరసగా 'అయిపోయింది' అని మొత్తుకుంది. వినేవాళ్ళు లేరు.

ఆమె సర్వర్ గదిలో ఫ్యాన్ల హోరులో కూర్చుని ఏడ్చింది. సోమవారం పొద్దున్న ఏడున్నరకే ఆ నంబర్లు చూసి ఉంటే ఆపరేషన్ నాలుగు రోజులు ఆగేది. ఆయన మళ్ళీ ఆ గదిలో కూర్చుని, మళ్ళీ ఆ తిట్లన్నీ తిట్టి, ఆ పన్నెండోది చెప్పేవాడు. రెండున్నర గంటలు ఆమె చేతిలో ఉన్నాయి. ఆ రెండున్నర గంటల్లో ఆమె మూడు పాత గొంతులు విని, కాఫీ తాగి, మెట్లెక్కి వెళ్ళి భద్రమే అని చెప్పింది.

తర్వాత చేయవలసినవన్నీ చేసింది. రికార్డింగ్ గది కంప్యూటర్ చూసింది. రోగుల గోప్యత కోసం అది సర్వర్‌కి పంపిన ఫైళ్ళను ప్రతి శుక్రవారం తనే చెరిపేస్తుంది. సర్వర్ డిస్కు పీకి, పోయిన ఫైళ్ళు వెలికితీసే అతని దగ్గరికి గురువారం పొద్దున్నే స్వయంగా పట్టుకెళ్ళింది. అతను సాయంత్రం దాకా కుస్తీపట్టి చేతులెత్తేశాడు. "పాత రాత మీద కొత్త రాత పడిపోయింది మేడమ్. తుడిచి ఊరుకున్నా కొంత దొరికేది," అన్నాడు. బస్సు డ్రైవరుకీ లెక్చరరుకీ ఇంకా ఆపరేషన్ కాలేదు. వాళ్ళని మళ్ళీ రమ్మన్నారు. లెక్చరరు కస్సుమన్నాడు. ఆయన అలా గొంతెత్తి కస్సుమంటుంటే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

థెరపిస్టు మాత్రం ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంట్లో వీడియోలుంటాయి కదా, ఫోన్లో ఏవో ఉంటాయి కదా?" అంది ఆమె.

"అడిగాను. పెళ్ళిళ్ళలో వెనకాల నుంచి అరుపులున్నాయి, బాజాల మధ్యలో. వాటితో మన పెట్టె మాట్లాడదమ్మా. అందులో వేరేవాళ్ళ గొంతు పెట్టి ఇవ్వగలను, అంతే," అంది థెరపిస్టు. "ఆయనకి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను."

శుక్రవారం మధ్యాహ్నం వార్డుకి వెళ్ళింది. చేతిలో లాగ్ అచ్చుతీసిన కాగితాలు. మూడు మంచాల గదిలో కిటికీ పక్కది ఆయనది. ముక్కులో గొట్టం, మెడ చుట్టూ కట్టు, మెడ కింద రంధ్రంలోంచి ఊపిరి వస్తూ పోతూ చిన్న బుస. ఒళ్ళో తెల్ల పలక, దారంతో కట్టిన స్కెచ్ పెన్ను. పిన్ని ఆమెని చూడగానే లేచింది. "వచ్చావా తల్లీ, నువ్వు కాసేపు కూర్చో. నేను మందుల కొట్టు దాకా వెళ్ళొస్తా. రాసి రాసి నన్ను చంపుతున్నాడు. పంపు ఆపానా, పాలవాడికి చెప్పానా అని నిన్నట్నుంచీ పలక నిండా అవే," అని వెళ్ళింది.

ఆమె ఎన్నో మాటలు కూడదీసుకుని వచ్చింది. ముందు కాగితాలు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. అలవాటు పోలేదు, వేలు లైను లైనుకీ దిగుతోంది. పదకొండు సాయంత్రాలూ చదివి చివరి లైను మీద వేలు ఆపాడు.

"మీ గొంతు లేదు బాబాయ్," అంది ఆమె. "చోటు అయిపోయిందని మీరు రాస్తే పని అయిపోయిందని చదివాను. సోమవారం పొద్దున్న కూడా కనబడింది, పట్టించుకోలేదు. ఎక్కడా దొరకలేదు. అన్ని చోట్లా చూశాను." ఇక గొంతు పెగల్లేదు. ఆ గదిలో అలా అనుకోవడానికే సిగ్గేసింది.

ఆయన పలక తీసుకుని రాశాడు. 'తెలుసు.'

ఆమెకి అర్థం కాలేదు. ఆయన చెరిపి మళ్ళీ రాశాడు. 'స్ట్రెచర్ దగ్గర నువ్వు అయిపోయింది అన్నావు. అప్పుడే గుర్తొచ్చింది, ఆ లైను దేనికి రాశానో.'

"మరి ఆపలేదేం? ఒక్క మాట అంటే ఆపేవాళ్ళు కదా బాబాయ్!"

ఆయన కిటికీ బయటికి చూశాడు. బయట ఏమీ లేదు, పక్క భవనం గోడ, దాని మీద ఏసీ పెట్టెలు. తర్వాత చాలాసేపు రాశాడు. అక్షరాలు వంకర్లు పోయాయి. 'రెండుసార్లు వాయిదా వేశా. మీ పిన్నికి డాక్టరు వేశాడని చెప్పా. భయం. మూడోసారి లేస్తే మళ్ళీ ఆ బల్ల ఎక్కను. నా సంగతి నాకు తెలుసు.'

ఆమె చదివిందో లేదో చూసుకుని, అరచేత్తో గట్టిగా తుడిచేశాడు. పలక మీద నల్లటి మరక మిగిలింది. మళ్ళీ రాశాడు. 'ఇది దానికి చెప్పకు. గొంతు సంగతి నేను చెప్తా.' రాసింది తనే చూసుకున్నాడు. 'చెప్తా' తుడిచి 'రాస్తా' అని దిద్దాడు.

మందుల సంచీతో పిన్ని తిరిగొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమైంది? పెట్టె తయారైందా?"

ఆయన రెండు లైన్లు రాసి పలక ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ దగ్గరికి పట్టుకుంది, దూరంగా పట్టుకుంది. "నా కళ్ళజోడు మందుల కొట్టులోనే వదిలేసి వచ్చానే. ఏం రాశాడు? చదువమ్మా," అని పలక ఆమె చేతికిచ్చింది.

ఆయన వద్దన్నట్టు చెయ్యి చాచాడు. ఆవిడ అటు చూడలేదు.

ఆమె పలక పట్టుకుంది. తప్పించుకునే దారి లేదు. పైకి చదివింది.

"ఏమోయ్. గొంతు దొరకలేదు, పోయింది. తప్పు నాది."



"ఎవరిది?" అంది పిన్ని.

ఆయన అరచెయ్యి తన గుండె మీద వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె, "నాదే పిన్నీ," అంది. అది చదివిన మాట కాదు.

పిన్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకుంది ఆమె. తిడితే కాళ్ళ మీద పడదామనుకుంది. ఆవిడ మందుల సంచీ బల్ల మీద పెట్టి, అందులో సీసాలు రెండు సర్ది, మంచం అంచున కూర్చుంది.

"మొదటి మాట ఇంకోసారి చదువు," అంది.

"ఏమోయ్," అంది ఆమె.

"అలా కాదు. 'మో' దగ్గర సాగదీస్తాడు. వీధి చివర్నుంచి పిలుస్తున్నట్టు."

"ఏమో... య్."

పిన్ని కళ్ళు మూసుకుని విన్నది. మంచం మీద ఆయన కూడా కళ్ళు మూసుకున్నాడు, రెప్పల కిందనుంచి నీళ్ళు చెవుల వైపు జారుతున్నాయి.

"ఊహూఁ," అంది పిన్ని, ఓపిగ్గా, చిన్నపిల్లకి పాఠం చెప్తున్నట్టు. "అలా కాదమ్మా. ఇంకోసారి చదువు."